పరుగులో పడిపోయిన పిల్లవాడి గుండెలో మేం ఏం వెతుకుతాం?

(వ్యాయామ ఉపాధ్యాయులు, కోచ్‌లు, తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన సభలో ఒక కార్డియాక్ రేడియాలజిస్టు చేసిన ప్రసంగం. మాటల ధోరణి మార్చకుండా, అక్కడక్కడ మాత్రమే సరిచేసి ఇస్తున్నాం.)

అందరికీ నమస్కారం. గ్రౌండు నుంచి నేరుగా వచ్చి, విజిల్ ఇంకా మెడలో వేలాడుతుండగానే ముందు వరసలో కూర్చున్న పీఈటీ మాస్టార్లకి, మేడమ్‌లకి ప్రత్యేకంగా నమస్కారం. ఈరోజు నేను ఎక్కువగా మాట్లాడేది మీతోనే. నేను చెప్పబోయే జబ్బు డాక్టరు కంటే ముందు మీ కంటపడుతుంది. మా దగ్గరికి వచ్చేసరికి అది కాగితాల మీద ఒక వాక్యంగా మారిపోయి ఉంటుంది. కొన్నిసార్లు ఆ వాక్యం కూడా ఉండదు.

గుండె జబ్బు అనగానే మనకి నూనె, షుగరు, బీపీ, సిగరెట్టు, యాభై దాటిన వయసు గుర్తొస్తాయి. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాట్సాప్‌లో అయితే మరీనూ. (నవ్వులు) నేను చెప్పేదానికి కొలెస్ట్రాల్‌తో సంబంధం లేదు. కొందరికి పుట్టుకతోనే గుండె రక్తనాళం మొదలవ్వాల్సిన చోట కాకుండా వేరే చోట మొదలవుతుంది, లేదా వేరే దారిలో వెళుతుంది. వీటిని కరోనరీ అనామలీలు అంటాం. ఇవి ఉన్న పిల్లలు సన్నగా, చురుగ్గా, క్లాసులో అందరికంటే వేగంగా పరుగెత్తేవాళ్లయి ఉండొచ్చు.

పీట్ మారవిచ్ అని అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు ఉండేవాడు. కాలేజీ రోజుల్లో మ్యాచికి సగటున 44.2 పాయింట్లు కొట్టాడు. తర్వాత పదేళ్లు అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో ఆడాడు. రిటైరయ్యాక 1988 జనవరి 5న, కాలిఫోర్నియాలోని పసడీనాలో ఒక చర్చి జిమ్‌లో సరదాగా ఆడుతూ కుప్పకూలిపోయాడు. వయసు 40. పోస్ట్‌మార్టం చేస్తే ఆయనకి ఎడమ కరోనరీ ధమని పుట్టుకతోనే లేదని తేలింది. కుడివైపుది ఒక్కటే బాగా పెద్దదై గుండె మొత్తాన్నీ నెట్టుకొచ్చింది. అన్నేళ్లు ఆ స్థాయిలో ఆడిన మనిషి గుండెలో ఇలాంటిదొకటి ఉందని బతికున్నప్పుడు ఎవరికీ తెలియలేదు. అప్పట్లో ఇప్పటి సీటీ యంత్రాలు లేవు, నిజమే. కానీ ఇప్పుడు యంత్రాలున్నాయి. అయినా తెలియకుండా పోతున్న సందర్భాలున్నాయి. ఎందుకో చెబుతాను.

ముందు మామూలు గుండె ఎలా ఉంటుందో చూద్దాం. గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని ఒళ్లంతా పంపిస్తుంది. తన కండరానికి కావలసిన రక్తాన్ని మాత్రం లోపల నిండి ఉన్నదాంట్లోంచి నేరుగా తీసుకోలేదు. బయటికి పంపి, అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవాలి. గుండె నుంచి బయల్దేరే పెద్ద గొట్టం అయోర్టా, మన పాఠ్యపుస్తకాల్లో బృహద్ధమని. అది మొదలైన చోటే కుడికి ఒకటి, ఎడమకి ఒకటి, రెండు రక్తనాళాలు పుడతాయి. గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీలు ఇవే. నాగార్జున సాగర్ డ్యాము చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ కుడి కాలువ కుడి గట్టున మొదలై గుంటూరు, ప్రకాశం వైపు పోతుంది. ఎడమ కాలువ ఎడమ గట్టున మొదలై నల్గొండ, ఖమ్మం వైపు పోతుంది. ఇప్పుడు ఎడమ కాలువ తూముని ఎవరో కుడి గట్టున పెట్టారనుకోండి. నీళ్లు నల్గొండకి చేరాలంటే డ్యాముని ఎటో ఒక వైపు నుంచి దాటుకుని పోవాలి. ఎటు నుంచి దాటింది అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది.

ఎడమ రక్తనాళం కుడివైపు పుడితే, తన చోటికి చేరడానికి దానికి నాలుగు దారులున్నాయి. ఊపిరితిత్తులకి రక్తం తీసుకెళ్లే పుపుస ధమనికి ముందు నుంచి వెళ్లొచ్చు. అయోర్టా వెనక నుంచి వెళ్లొచ్చు. కాస్త కిందికి దిగి, గుండె కింది గదులైన రెండు జఠరికల మధ్య గోడలోని కండరంలోంచి వెళ్లొచ్చు. ఈ మూడూ చాలావరకు నిరపాయం. నాలుగోది అయోర్టాకీ పుపుస ధమనికీ మధ్య నుంచి దూరిపోవడం. మేం భయపడేది దీనికి.

పాత పుస్తకాల్లో ఒక బొమ్మ ఉండేది. పరుగెత్తినప్పుడు రెండు పెద్ద గొట్టాలూ ఉబ్బుతాయి, మధ్యలో ఉన్న చిన్నది నలిగిపోతుంది అని. చూడ్డానికి బాగుంటుంది, ఆలోచిస్తే పూర్తిగా పొసగదు. పుపుస ధమనిలో పీడనం పాతిక దగ్గర ఉంటుంది, కరోనరీలో నూట ఇరవై. తక్కువ ఒత్తిడి ఉన్నది ఎక్కువ ఒత్తిడి ఉన్నదాన్ని ఎలా నలుపుతుంది? అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. ఇలా దారితప్పి పుట్టిన రక్తనాళం చాలాసార్లు మొదటి కొన్ని మిల్లీమీటర్లు అయోర్టా గోడ లోపలే, ఆ పొరల మధ్యలోనే ప్రయాణిస్తుంది. బయటికి వచ్చినట్టు కనిపిస్తుంది గానీ రాలేదు. దాని నోరు కూడా గుండ్రంగా ఉండదు, సన్నటి చీలికలా ఉంటుంది. పైగా అక్కడ మొదలవడమే ఏటవాలుగా మొదలవుతుంది. పిల్లవాడు కూర్చుని ఉన్నప్పుడు ఇదంతా ఏమీ కాదు, రక్తం సరిపోతుంది. గట్టిగా పరుగెత్తినప్పుడు అయోర్టా సాగుతుంది, గోడలో ఇరుక్కున్న ముక్క మరింత చదునవుతుంది. అదే సమయంలో గుండె వేగం పెరిగి, కండరానికి రక్తం చేరే విరామం తగ్గిపోతుంది. సరిగ్గా ఎక్కువ కావలసినప్పుడు తక్కువ దొరుకుతుంది.

ఇక్కడ ఒక అధ్యయనం గురించి చెప్పాలి. 2000లో ఇటలీ, అమెరికా డాక్టర్లు కలిసి రాసింది. పోటీల్లో ఆడే కుర్రవాళ్లు 27 మంది హఠాత్తుగా చనిపోయారు. అందరికీ ఒకటే కారణం, రక్తనాళం తప్పు చోట పుట్టడం. 23 మందికి ఎడమది కుడివైపు, నలుగురికి కుడిది ఎడమవైపు. 25 మంది ఆడుతుండగా, ఇద్దరు ఆట ముగిసిన వెంటనే పోయారు. వాళ్లలో తొమ్మిది మందికి అంతకుముందు ఈసీజీ తీశారు. తొమ్మిదీ నార్మల్. ఆరుగురికి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి పరీక్ష చేశారు. ఆరూ నార్మల్. ఇంకోటి వినండి. వాళ్లలో పది మందికి చనిపోకముందే లక్షణాలు వచ్చాయి. కళ్లు తిరిగి పడిపోవడం, ఛాతీలో నొప్పి. అంటే గుండె ముందే చెప్పింది. విన్నవాళ్లు ఈసీజీ తీసి, బాగుందని పంపించేశారు. వాళ్లని తప్పుపట్టలేం. వాళ్ల చేతిలో ఉన్న కాగితం నార్మల్ అనే చెప్పింది.

అమెరికా సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల మీద 2004లో ఇంకో లెక్క వచ్చింది. పాతికేళ్లలో చేరిన 63 లక్షల మందిలో గాయం కాకుండా హఠాత్తుగా చనిపోయినవాళ్లు 126 మంది. వాళ్లలో 64 మంది గుండెలో ఏదో ఒక లోపం దొరికింది. ఆ 64లో 21 మందికి ఎడమ రక్తనాళం కుడివైపు నుంచి పుట్టి ఉంది. మూడింట ఒక వంతు. దీన్ని ఎందుకు చెబుతున్నానంటే, మన దగ్గర కానిస్టేబుల్ సెలక్షన్లలో 1600 మీటర్ల పరుగు ఉంది, దానికోసం ఊరి రోడ్ల మీద తెల్లవారుజామున ప్రాక్టీసు చేసే కుర్రాళ్లున్నారు. అగ్నివీర్ ర్యాలీలకి వెళ్లేవాళ్లున్నారు. అప్పటిదాకా ఇంట్లో ఉండి ఒక్కసారిగా ఒంటిని పూర్తిగా పరీక్షకి పెట్టే సందర్భం అది.

అలాగని వణికిపోవద్దు. మొత్తం మీద చూస్తే ఇవి చాలా తక్కువ. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 1,26,595 యాంజియోగ్రామ్‌లు తిరగేసి 1990లో ఒక లెక్క చెప్పారు. అందులో 1,686 మందికి, అంటే నూటికి 1.3 మందికి, ఏదో ఒక కరోనరీ అనామలీ ఉంది. వాటిలోనూ 81 శాతం ఏమీ చెయ్యనివే. హ్యూస్టన్‌లోని టెక్సస్ హార్ట్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు స్కూలు పిల్లలు 5,169 మందికి ఎంఆర్ఐ తీస్తే, ప్రమాదకరమైన రకం 23 మందిలో కనిపించింది. ఆ 23లోనూ ఎక్కువమందికి కుడి రక్తనాళమే ఎడమవైపు పుట్టింది. అది ఎడమదాని కంటే తక్కువ ప్రమాదం.

రిపోర్టులు రాసేవాడిగా ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకుంటాను. డై ఎక్కించి గుండె రక్తనాళాల్ని స్కాన్ చేసే సీటీ యాంజియో ఇప్పుడు చాలా ఊళ్లలో తీస్తున్నారు. ఛాతీలో మంట వచ్చినా తీస్తున్నారు. దాంతో అప్పటిదాకా ఎవరికీ తెలియని అనామలీలు బోలెడు బయటపడుతున్నాయి. యాభై అయిదేళ్ల పెద్దమనిషికి ఎడమవైపు తిరిగే సర్కమ్‌ఫ్లెక్స్ అనే కొమ్మ కుడివైపు నుంచి పుట్టి, అయోర్టా వెనక నుంచి తిరిగి వెళ్లిందనుకోండి. అది పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది, ఇకముందూ అలాగే ఉంటుంది. రిపోర్టులో "అనామలస్" అన్న మాట చూసి ఆయన రాత్రంతా గూగుల్ చేస్తాడు. పొద్దున్నకి బీపీ పెరుగుతుంది. ఇలాంటివాటికి "నిరపాయమైన రకం" అని రిపోర్టులోనే స్పష్టంగా రాయాలని మా వాళ్లతో ఎప్పుడూ గొడవ పడుతుంటాను. అయోర్టాకీ పుపుస ధమనికీ మధ్య నుంచి వెళ్లే ఎడమ రక్తనాళాన్నీ, దీన్నీ ఒకే టెన్షన్‌తో చూడకూడదు.

ఇప్పుడు పెద్దపిల్లల్ని పక్కనపెట్టి పసిపిల్లల దగ్గరికి వద్దాం. ఇది చాలా అరుదైన రకం, సుమారు మూడు లక్షల జననాల్లో ఒకరికి వస్తుంది. కానీ దీన్ని వదిలేస్తే ప్రాణం పోయే అవకాశం చాలా ఎక్కువ. ఎడమ కరోనరీ అయోర్టా నుంచి కాకుండా, ఊపిరితిత్తులకి వెళ్లే పుపుస ధమని నుంచి పుడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కలిపి మేం ఆల్కపా అంటాం. 1933లో బోస్టన్ డాక్టర్లు బ్లాండ్, వైట్, గార్లండ్ దీన్ని వివరంగా రాశారు కాబట్టి వాళ్ల పేర్లతోనూ పిలుస్తారు.

తల్లి కడుపులో ఉన్నంతకాలం ఈ బిడ్డకి ఏ ఇబ్బందీ ఉండదు. అప్పుడు పుపుస ధమనిలోనూ ఒత్తిడి ఎక్కువే, రక్తంలో ఆక్సిజనూ దాదాపు అంతే. పుట్టి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాక, కొన్ని వారాల్లో ఆ ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు ఎడమ కరోనరీలో రక్తం ముందుకి వెళ్లడం మానేస్తుంది. అంతటితో ఆగదు, వెనక్కి ప్రవహిస్తుంది. కుడి కరోనరీ నుంచి సన్నటి కొమ్మల ద్వారా వచ్చిన రక్తం కూడా కండరానికి అందకుండా పుపుస ధమనిలోకి జారిపోతుంది. రెండు మూడు నెలల పసికందుకి, మన నాన్నకో తాతకో వచ్చే గుండెపోటు లాంటిది వస్తుంది.

అది ఇంట్లో ఎలా కనిపిస్తుందో చెబుతాను, తల్లులు గుర్తుపెట్టుకోండి. బిడ్డ ఆకలితో రొమ్ము పట్టుకుంటుంది. నాలుగు గుక్కలు తాగుతుంది, వదిలేస్తుంది. నుదుటి మీద, తల మీద చెమట పడుతుంది, ఫ్యాను కింద ఉన్నా సరే. ముఖం పాలిపోతుంది, గుక్కపెట్టి ఏడుస్తుంది. కాసేపటికి తేరుకుని మళ్లీ తాగబోతుంది, మళ్లీ అదే. బరువు పెరగదు. నానమ్మ "కడుపునొప్పి రా, గ్రైప్ వాటర్ పట్టండి" అంటుంది. నిజంగానే ఎక్కువమంది పిల్లలకి అది కడుపునొప్పే. కానీ పాలు తాగేటప్పుడు మాత్రమే చెమట పట్టి, ఆయాసపడి, బరువు పెరగని బిడ్డని పిల్లల డాక్టరుకి చూపించి, ఒక ఈసీజీ, ఎకో అడగండి. ఈ జబ్బులో ఈసీజీ ఊరుకోదు. ఎడమవైపు లీడ్లలో లోతైన క్యూ తరంగాలు కనిపిస్తాయి. పసిపిల్లల ఈసీజీలో అవి కనిపిస్తే అనుమానించి తీరాలి.

ఎకోలో ఎడమ జఠరిక పెద్దదై, సరిగ్గా ముడుచుకోకుండా కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. "డైలేటెడ్ కార్డియోమయోపతీ, కండరం బలహీనత" అని రాసి మందులు ఇచ్చేస్తారు. కండరం బలహీనపడిన మాట నిజమే, ఎందుకు బలహీనపడిందో చూడాలి. కుడి కరోనరీ మామూలు కంటే లావుగా ఉందా? ఎడమది అయోర్టాని తాకినట్టు కనిపిస్తోందే గానీ, కలర్ డాప్లర్‌లో రక్తం ఏ దిక్కుకి వెళుతోంది? పుపుస ధమనిలోకి పక్కనుంచి ఒక సన్నటి ధార దూకుతోందా? ఇవి చూస్తేనే దొరుకుతుంది. కార్డియోమయోపతీ అని రాసిన ప్రతి పసిబిడ్డకీ రెండు కరోనరీలు ఎక్కడ పుట్టాయో వెతికి చూసి రాయాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఆ కండరం చాలావరకు తిరిగి కోలుకుంటుంది. సర్జన్ ఆ రక్తనాళాన్ని కోసి అయోర్టాకి కుడితే, నెలలు గడిచేకొద్దీ ఎకోలో తేడా కనిపిస్తుంది. వదిలేస్తే మొదటి ఏడాది దాటే పిల్లలు చాలా తక్కువ.

పరీక్షల విషయానికొద్దాం. మొదటి మెట్టు ఎకోయే. చవక, రేడియేషన్ లేదు. పిల్లల ఛాతీ పల్చగా ఉంటుంది కాబట్టి అనుభవమున్నవాళ్లు అడ్డకోత వ్యూలో రెండు కరోనరీల మొదలు చూడగలరు. కానీ హడావుడిలో తీసే ఎకోలో గుండె పనితీరు, కవాటాలు, రంధ్రాలు చూసి ముగిస్తారు. కరోనరీల ఊసే ఉండదు. కింద "నార్మల్ స్టడీ" అని ఉంటుంది. మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "సార్, కరోనరీలు రెండూ ఎక్కడ మొదలవుతున్నాయో కనిపించాయా?" కనిపించలేదంటే అది లోపం కాదు, ఆ మాట రిపోర్టులో రాయమనండి. ఛాతీ మందంగా ఉన్న పద్దెనిమిదేళ్ల కుర్రాడిలో నిజంగానే కనిపించకపోవచ్చు.

అప్పుడు సీటీ యాంజియో. ఇది మా ఇలాకా. పిల్లవాడు వస్తాడు, ముందు రోజు నుంచి కాఫీ, టీ వద్దంటాం. కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూస్తాం. నాడి తొంభై కొట్టుకుంటుంటే బీటా బ్లాకర్ మాత్ర ఇచ్చి, అరవై దగ్గరికి దిగేదాకా బయట బెంచీ మీద కూర్చోబెడతాం. ఇక్కడ తల్లిదండ్రులు విసుక్కుంటారు, గంట నుంచి ఏం చెయ్యట్లేదని. గుండె నెమ్మదిస్తేనే బొమ్మ కదలకుండా వస్తుంది. మూడు నాలుగు మిల్లీమీటర్ల గొట్టం నోరు చూడాలి మరి. చేతికి ఒక లావుపాటి సూది, ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు, నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే. దాంతో కాస్త తలనొప్పి వస్తుంది, కంగారు పడొద్దు. డై ఎక్కుతుంటే గొంతు నుంచి పొట్ట కింది దాకా వెచ్చగా పాకుతుంది, బట్టల్లో మూత్రం పోయిందేమో అనిపిస్తుంది. పోదు. (నవ్వులు) "గాలి పీల్చండి, ఆపండి" అని గొంతు వినిపిస్తుంది. పది సెకన్లు కూడా పట్టదు. అంతా అయిపోతుంది.

తర్వాత పని మాది. అర మిల్లీమీటరు మందంలో ముక్కలు వస్తాయి. వాటిని పేర్చి ఏ కోణంలో కావాలంటే ఆ కోణంలో తిప్పుకోవచ్చు. నేను మొదట రంగుల త్రీడీ బొమ్మ చూడను. అది పేషెంటుకి చూపించడానికి బాగుంటుంది. నేను అయోర్టా కవాటాన్ని పైనుంచి చూసినట్టు ఒక కోత తీస్తాను. మూడు రెక్కల పువ్వులా మూడు గదులు కనిపిస్తాయి. ఏ గదిలోంచి ఏ రక్తనాళం బయల్దేరింది? నోరు గుండ్రంగా ఉందా, చీలికలా ఉందా? మొదటి ముక్క చుట్టూ కొవ్వు కనిపిస్తోందా, లేదా? కొవ్వు కనిపిస్తే రక్తనాళం గోడ బయట ఉన్నట్టు. కొవ్వు లేకుండా, అడ్డంగా కోస్తే కోడిగుడ్డులా చదునుగా ఉంటే, అది గోడ లోపల ఉందని అనుమానం. ఆ గోడ లోపలి ముక్క ఎన్ని మిల్లీమీటర్లో కొలిచి రాస్తాను. సర్జన్ మొదట అడిగేది అదే. మంచి యంత్రంలో జాగ్రత్తగా తీస్తే రేడియేషన్ ఒకటి నుంచి ఐదు మిల్లీసీవర్ట్‌ల లోపు ఉంటుంది. మామూలుగా నేల నుంచి, ఆకాశం నుంచి మన ఒంటికి ఏడాదికి తగిలేది రెండు నుంచి మూడు. కాబట్టి అవసరమైతే భయపడక్కర్లేదు. అవసరం లేకుండా, సరదాకి మాత్రం వద్దు.

రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి కాథ్ ల్యాబ్‌లో తీసే యాంజియోగ్రామ్ ఉందిగా అంటారు. బ్లాకులు చూడటానికి అది బాగుంటుంది. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనుకోకుండా కుడి కరోనరీలోకి డై ఎక్కించడంతో మొదలైంది అది. కానీ అది నీడ బొమ్మ. రక్తనాళం పుపుస ధమనికి ముందు ఉందా, వెనక ఉందా అనేది నీడలో తేల్చుకోవడం కష్టం. నోరు ఊహించిన చోట లేకపోతే గొట్టం పెట్టి వెతుక్కోవాలి కూడా. ఎంఆర్ఐ అయితే రేడియేషన్ లేదు, కండరంలో మచ్చ పడిందో లేదో చెబుతుంది. చిన్నపిల్లల్ని కదలకుండా ఉంచడం, సమయం, ఖర్చు, ఇవీ దాని ఇబ్బందులు.

ప్రమాదకరమైన రకం అని తేలితే ఆపరేషన్ ఉంది. అయోర్టా తెరిచి, గోడ లోపల ఇరుక్కున్న ముక్క పైకప్పు తీసేసి, నోటిని సరైన గది వైపు వెడల్పు చేస్తారు. అన్‌రూఫింగ్ అంటారు. ఎడమది కుడివైపు పుట్టి, మధ్య దారిలో వెళ్లి, లక్షణాలు కూడా ఉంటే ఆపరేషన్ చెయ్యాల్సిందే. కుడిది ఎడమవైపు పుట్టి, ఏ లక్షణమూ లేకుండా, గట్టి పరీక్షల్లోనూ తేడా రాకపోతే కనిపెట్టుకుని ఉండొచ్చు. ఆపరేషనయ్యాక మూడు నెలల తర్వాత పరీక్షలన్నీ బాగుంటే, చాలామంది మళ్లీ గ్రౌండుకి వస్తారు.

ఇంకా రక్తనాళం తప్పుదారిన వేరే చోటికి తెరుచుకునే ఫిస్టులాలు ఉన్నాయి, ఎల్‌ఏడీ అనే ముందువైపు ఎడమ కొమ్మ కండరంలో మునిగి వెళ్లే బ్రిడ్జిలు ఉన్నాయి. బ్రిడ్జి అని రిపోర్టులో చూసి కంగారు పడొద్దు. శవపరీక్షల్లో వెతికితే చాలామందిలో దొరికేదే అది. వాటి జోలికి ఇప్పుడు వెళ్లను. నాకిచ్చిన టైము అయిపోవచ్చింది, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక పీఈటీ మాస్టారు): సార్, మా స్కూల్లో ఎండకి అసెంబ్లీలో రోజూ ఒకరిద్దరు పడిపోతారు. అందరికీ సీటీ తీయించమంటారా?

అస్సలు వద్దు మాస్టారూ. అసెంబ్లీలో నిలబడి పడిపోయేవాడు వేరు. పొద్దున ఏమీ తినకుండా వచ్చి, ఎండలో కదలకుండా నిలబడి, ముందు కళ్లు చీకట్లు కమ్మి, చెమట పట్టి, మెల్లిగా ఒరిగిపోతాడు. పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి, తేరుకున్నాక నీళ్లిస్తే లేస్తాడు. ఎక్కువసార్లు అంతే. నేను చెప్పేది పరుగు మధ్యలో, ఇంకా కాళ్లు ఆడుతుండగానే, ముందస్తు సూచన లేకుండా ముఖం మీద పడిపోయేవాడి గురించి. 800 మీటర్ల మూడో మలుపులో పడిపోయినవాడు. లేదా పరుగెత్తిన ప్రతిసారీ ఛాతీలో పట్టేసినట్టుంది అనేవాడు. లేదా ఇంట్లో ఎవరైనా చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాడు. ఇలాంటివాణ్ని ఆ రోజు నుంచే ఆటలు ఆపించి పరీక్షకి పంపండి. ఏం చేస్తుండగా పడ్డాడో మీరే ఒక కాగితం మీద రాసి తల్లిదండ్రుల చేతికివ్వండి. ఓపీలో "నిన్న పడిపోయాడు సార్" అని మాత్రమే చెబుతారు. మీ కాగితంలో "పరుగెత్తుతుండగా" అన్న ఒక్క మాట ఉంటే డాక్టరు ఈసీజీతో ఆగడు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్బీఎస్‌కే టీము స్కూలుకి వచ్చినప్పుడు కూడా ఆ పేరు చెప్పండి. ఇక పడిపోయినవాడు ఊపిరి తియ్యకపోతే ఇవేవీ ఆలోచించొద్దు. 108కి ఫోన్ చేయించి, వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కడం మొదలుపెట్టండి. ఏఈడీ, అంటే గుండెకి షాక్ ఇచ్చే యంత్రం, అందుబాటులో ఉంటే తెప్పించండి.

ప్రశ్న (ఒక తండ్రి): మా అబ్బాయికి ట్రెడ్‌మిల్ నార్మల్ వచ్చింది. ఇక వదిలెయ్యొచ్చా?

ఎందుకు తీయించారండీ?

(తండ్రి: ఫుట్‌బాల్ ఆడుతూ ఒకసారి పడిపోయాడు.)

అయితే వదిలెయ్యొద్దు. ఇందాక ఆరుగురి సంగతి చెప్పాను కదా, అందరికీ నార్మలే వచ్చింది. ఈ జబ్బులో రక్తం తగ్గడం అన్నిసార్లూ ఒకేలా జరగదు, ఆ రోజు మెషీను మీద జరగకపోవచ్చు. పిల్లల కార్డియాలజిస్టు దగ్గర కరోనరీల మొదలు చూడమని ఎకో చేయించండి. కనిపించకపోతే సీటీ. అప్పటిదాకా ఆట వద్దు, వాడు ఎంత అలిగినా సరే.

ప్రశ్న (ఒక తల్లి): మా వాడికి స్కాన్‌లో సర్కమ్‌ఫ్లెక్స్ కుడివైపు నుంచి వచ్చి అయోర్టా వెనక నుంచి పోతోందన్నారు సార్. పదహారేళ్లు. కబడ్డీ ఆడొచ్చా?

రిపోర్టులో అంతే రాసి ఉంటే, రక్తనాళంలో ఇంకేమీ లేకపోతే, ఆడొచ్చమ్మా. కూతకెళ్లమనండి. (నవ్వులు) మీ డాక్టరుకి ఒకసారి చూపించి ఖాయం చేసుకోండి. ఆ రిపోర్టూ, సీడీ మాత్రం పారెయ్యకుండా దాచండి. ఎప్పుడైనా పెద్దయ్యాక గుండె కవాటానికి ఆపరేషన్ చెయ్యాల్సి వస్తే సర్జన్‌కి ముందే చూపించాలి. ఆ కొమ్మ కవాటం అంచుని ఆనుకుని వెళుతుంది కాబట్టి, కుట్లు వేసేటప్పుడు ఆయనకి తెలిసి ఉండాలి.